ఆవలి ఒడ్డు లెక్కలోకి రావాలి: వంతెనల ట్రాఫిక్ అధ్యయనంపై పాఠకుల ప్రశ్నలు

ఒకే నదికి అటూ ఇటూ ఉన్న నగరాలు, కొత్తగా ప్రతిపాదించిన వంతెనల కోసం ఎవరికి వారు కాకుండా కలిసి ట్రాఫిక్ అధ్యయనం చేయించుకోవడం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఆరు ప్రశ్నలుగా తీసుకున్నాను. చాలా ఏళ్లపాటు ట్రాఫిక్ సర్వేల్లో పనిచేశాను కనుక, అక్కడ చూసినవి కొన్ని జవాబుల్లో చెబుతున్నాను.

ప్రశ్న: మా నదికి రెండు వైపులా రెండు నగరపాలక సంస్థలు ఉన్నాయి. రెండూ వేర్వేరుగా అధ్యయనం చేయించాయి. ఒక నివేదిక ఎగువన వంతెన కట్టాలంటుంది, రెండోది దిగువన కట్టాలంటుంది. రెండింటి నిండా అంకెలే. ఒకే నది మీద రాకపోకలు సాగించే ఒకే ప్రజల గురించి వేసిన లెక్కలు ఇంత తేడాగా ఎలా వస్తాయి? ఎవరిది నిజం?

జవాబు: రెండు నివేదికల్లో ఏదీ అబద్ధం కాకపోవచ్చు. రెండూ సగం నిజాలు కావడమే అసలు చిక్కు.

ట్రాఫిక్ అధ్యయనంలో ముందుగా నగర పటాన్ని చిన్న చిన్న జోన్లుగా విడగొడతారు. ఒక్కో జోన్‌లో ఎన్ని కుటుంబాలు, ఎన్ని ఉద్యోగాలు, ఎన్ని బడులు, ఎన్ని ఆస్పత్రులు ఉన్నాయో చూసి, అక్కడి నుంచి రోజుకు ఎన్ని ప్రయాణాలు బయలుదేరతాయో, అక్కడికి ఎన్ని చేరతాయో అంచనా కడతారు. ఆ తర్వాత ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు ఎంతమంది వెళ్తారు, వారిలో ఎవరు బస్సెక్కుతారు, ఎవరు సొంత బండి తీస్తారు, చివరికి ఏ దారి పడతారు అన్నది వరసగా తేలుస్తారు. 1950లలో అమెరికాలోని డెట్రాయిట్, షికాగో నగరాల్లో జరిగిన అధ్యయనాలతో రూపు కట్టిన ఈ పద్ధతే, ఎన్నో మార్పులు చేర్పులతో, నేటికీ చాలాచోట్ల నడుస్తోంది.

ఇదే పనిని ఒక నగరం ఒంటరిగా చేస్తే ఏమవుతుందో చూడండి. తన పరిధిలో పేటపేటనూ ఒక జోన్‌గా గీసుకుంటూ వచ్చి నది దగ్గర ఆగిపోతుంది. ఆవలి ఒడ్డున లక్షల మంది ఉన్నా సరే, వారందరినీ కలిపి 'బయటి జోన్' అని ఒక్క చుక్క పెట్టేస్తుంది. నేను పనిచేసిన ఒక అధ్యయనంలో అలాంటి పటాన్ని బల్ల మీద పరిచి చూశాను. ఇవతలి ఒడ్డంతా తేనెపట్టు గదుల్లా జోన్లు, మధ్యలో నీలిరంగు నది, అవతల ఖాళీ కాగితం మీద ఒక ఎర్రటి చుక్క. ఆ చుక్కను పటం మీద ఎక్కడ పెడితే వంతెన అటువైపే మొగ్గుతుంది, ఎందుకంటే ఆవలి నుంచి వచ్చే ప్రతి ప్రయాణమూ ఆ చుక్క నుంచే బయలుదేరుతున్నట్టు లెక్క సాగుతుంది. ఆవలి నగరం తన పటంలో మన నగరాన్ని కూడా అలాగే చుక్కగా మార్చి ఉంటుంది. మీ రెండు నివేదికలు ఎగువ ఒకటి, దిగువ ఒకటి చూపించడానికి ఇదొక్కటే చాలు.

రెండో కారణం భవిష్యత్తు అంచనాల్లో ఉంటుంది. రానున్న ఇరవై ఏళ్లలో ఆ ప్రాంతానికి వచ్చే కొత్త పరిశ్రమలు, కొత్త ఇళ్లు తమవైపే వస్తాయని ప్రతి నగరమూ నమ్ముతుంది, నమ్మకపోతే పాలకులు ఊరుకోరు కూడా. రెండు నగరాల జనాభా అంచనాలను పక్కపక్కన పెట్టి కూడితే, ఆ మొత్తం ప్రాంతమంతటికీ వేసిన అంచనాను దాటిపోవడం ఈ రంగంలో తరచు ఎదురయ్యేదే. ఒకే ఉద్యోగాన్ని రెండు ఒడ్డులా లెక్కించి, ఆ రెట్టింపు రద్దీ కోసం వంతెన వెడల్పు నిర్ణయిస్తే, ఆ తప్పును మూడు తరాల పాటు కాంక్రీటులో మోయాల్సి వస్తుంది.

మూడోది మరీ చిన్న విషయం, కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అదే. ఒకే వంతెన మీద రెండు నగరాలు తీసిన వాహన గణనలు ఒకసారి నా ముందుకు వచ్చాయి. రెండూ ఒకే నెలలోవే అయినా ఉదయపు గణనలో పొంతన కుదరలేదు. కారణం తెలుసుకుందామని తెల్లవారుజామున నేనే వెళ్లి, చేతిలో లెక్కించే మీట పట్టుకుని వంతెన మొదట్లో నిలబడ్డాను. పావుగంటకొకసారి కాగితం మీద అంకె రాసుకుంటూ రెండు గంటలు గడిచాక సంగతి తెలిసింది. ఒక నగరం వారు వంతెన దిగిన వెంటనే లెక్కించారు, రెండో నగరం వారు తమవైపు నది గట్టు రోడ్డు కూడలి దాటాక లెక్కించారు. గట్టు రోడ్డు నుంచి కలిసే బండ్లు, గట్టు రోడ్డులోకి మళ్లే బండ్లు ఆ రెండు చోట్ల మధ్యలో ఉన్నాయి. ఎవరూ తప్పు చేయలేదు, ఎక్కడ నిలబడాలో ముందుగా కలిసి మాట్లాడుకోలేదు, అంతే.

నిజానికి నది ఇంజనీర్లకు గొప్ప సాయం చేస్తుంది. మైదానంలో నగరాన్ని రెండుగా విభజించే గీత గీసి, ఆ గీతను దాటే ప్రతి వాహనాన్నీ లెక్కించాలంటే వందల సందులు కాపలా కాయాలి. ఇలాంటి గీతను స్క్రీన్ లైన్ అంటారు. నది ఉన్నచోట ఆ గీత ప్రకృతే గీసి పెట్టింది, దాటడానికి ఉన్న దారులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. అన్ని వంతెనల మీదా, అన్ని రేవుల దగ్గరా ఒకే రోజు, ఒకే గంటల్లో, ఒకే పద్ధతిలో లెక్కిస్తే నది దాటే మొత్తం రాకపోకలు ఒక్క పట్టికలోకి వస్తాయి. ఇంత చక్కటి అవకాశం ఉండి కూడా రెండు నగరాలు వేర్వేరు రోజుల్లో వేర్వేరుగా లెక్కించుకోవడం చూస్తే బాధ కలుగుతుంది.

అందువల్ల 'ఎవరిది నిజం' అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. రెండు నివేదికలనూ పక్కన పెట్టి, రెండు ఒడ్డులనూ ఒకే పటం మీద జోన్లుగా విడగొట్టి, లెక్కలన్నిటికీ మొదలుగా ఒకే ఆధార సంవత్సరాన్ని తీసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. అమెరికాలో 1962 నాటి జాతీయ రహదారుల నిధుల చట్టం, 50 వేలకు మించి జనాభా ఉన్న పట్టణ ప్రాంతాల్లో రవాణా ప్రణాళిక నిరంతరంగా, సమగ్రంగా, పరస్పర సహకారంతో సాగితేనే కేంద్ర నిధులు అందుతాయని షరతు పెట్టింది. సహకారం మంచితనంతో వస్తుందని ఎదురుచూడకుండా దాన్ని నిధులతో ముడిపెట్టారు. ఆ పని అవసరమని ఆనాడే గుర్తించారన్నమాట.

ప్రశ్న: ఒడ్డుకొక ప్రయోజనం ఉన్నప్పుడు ఉమ్మడి అధ్యయనం అసలు సాధ్యమా? చివరికి ఎవరి పట్టు వారిదే కదా?

జవాబు: ప్రయోజనాలు వేరుగా ఉండటం సహజం. ఐరోపాలో రుమేనియా, బల్గేరియాల మధ్య డాన్యూబ్ నది దాదాపు 470 కిలోమీటర్ల మేర సరిహద్దుగా ప్రవహిస్తుంది. ఇంత పొడవునా 1954లో కట్టిన జుర్జు-రూసే వంతెన తప్ప మరొకటి దశాబ్దాల పాటు లేదు. రెండో వంతెన పశ్చిమాన విదిన్ పట్టణం దగ్గర రావాలని బల్గేరియా కోరుకుంది. రుమేనియా మాత్రం ఇంకా తూర్పున కట్టాలంది, ఎందుకంటే సరుకు రవాణా లారీలు తమ భూభాగం మీద ఎక్కువ దూరం ప్రయాణిస్తే లాభం తమది. ఒప్పందం 2000లో కుదిరింది, వంతెన మీద రాకపోకలు 2013లో మొదలయ్యాయి. ఈ వివాదంలో ఎవరి వాదనా అర్థంలేనిది కాదు, ఎవరి ఒడ్డు నుంచి చూస్తే వారిది న్యాయమే.

ఉమ్మడి అధ్యయనం ఇలాంటి పట్టుదలలను మాయం చేయదు, చేస్తుందని చెబితే మిమ్మల్ని మోసగించినట్టే. అది చేయగలిగిన పని వేరు. వాదన అంకెల మీద కాకుండా ప్రయోజనాల మీద జరిగేలా చూస్తుంది. 'మీ గణన తప్పు' అనే మాట పోయి, 'ఈ స్థలంలో కడితే మాకు ఇంత మేలు, మీకు ఇంత, తేడాను ఎలా సర్దుకుందాం' అనే మాట వస్తుంది. అయితే అందుకొక షరతు ఉంది. ఏ కొలమానాలతో స్థలాలను పోల్చాలో, వేటికి ఎంత బరువు ఇవ్వాలో ఫలితాలు రాకముందే రెండు పాలకమండళ్లూ తీర్మానం చేసి సంతకాలు పెట్టుకోవాలి. ఫలితాలు చూశాక కొలమానాలు ఎంచుకునే అవకాశం ఇస్తే, ఎవరికి నచ్చిన స్థలానికి అనువైన కొలమానం వారికి దొరుకుతుంది.

ప్రశ్న: కొత్త వంతెన వస్తే పాత వంతెన మీద రద్దీ తగ్గుతుందని అందరూ అంటున్నారు. అది ఖాయమేనా?

జవాబు: తగ్గుతుంది, కానీ ఎంత తగ్గుతుంది, ఎంతకాలం తగ్గుతుంది అన్నదే ప్రశ్న.

ముందు రద్దీ స్వభావం చూద్దాం. అమెరికా రహదారుల శాఖ 1964లో వెలువరించిన ఒక సూత్రం ఇప్పటికీ ట్రాఫిక్ లెక్కల్లో వాడుకలో ఉంది. దాని ప్రకారం ఖాళీగా ఉన్నప్పుడు పది నిమిషాలు పట్టే దారికి, వాహనాల సంఖ్య ఆ దారి సామర్థ్యంతో సరిసమానమైనప్పుడు పదకొండున్నర నిమిషాలు పడుతుంది. సామర్థ్యానికి ఒకటిన్నర రెట్లు వాహనాలు రావాలనుకుంటే పదిహేడున్నర నిమిషాలు దాటుతుంది. రెండు రెట్లయితే 34 నిమిషాలు. అంటే కిక్కిరిసిన వంతెన మీద నుంచి కొద్దిపాటి వాహనాలు మళ్లినా మిగిలినవారికి కలిగే ఊరట పెద్దది. కొత్త వంతెన తెరిచిన మొదటి నెలల్లో జనం సంతోషించడానికి కారణం ఇదే.

ఆ ఊరటే కొత్త ప్రయాణాలను పిలుస్తుంది. ఇదివరకు రద్దీకి భయపడి తెల్లవారకముందే బయలుదేరినవారు మళ్లీ అనుకూలమైన వేళకు వస్తారు. బస్సులో వెళ్లినవారు కొందరు బండి తీస్తారు. కొందరు ఆవలి ఒడ్డున ఇల్లు తీసుకుంటారు. అమెరికా మహానగరాల మీద 2011లో వెలువడిన ఒక ఆర్థిక పరిశోధనలో, అంతర్రాష్ట్ర రహదారుల లేన్లు పెరిగిన నిష్పత్తిలోనే వాహనాలు తిరిగిన దూరమూ పెరిగినట్టు తేలింది. మరో వైపు నుంచి, 1968లో డీట్రిష్ బ్రాస్ అనే జర్మన్ గణితవేత్త, కొన్ని రోడ్ల అల్లికల్లో కొత్త దారి కలపడం వల్లనే అందరి ప్రయాణ సమయమూ పెరగవచ్చని లెక్క కట్టి చూపించాడు. ప్రతి వంతెనకూ అలా అవుతుందని దీని అర్థం కాదు, అలా కాదని లెక్క వేసి చూసుకోవాలని అర్థం.

టోల్ ఉంటే బొమ్మ మరోలా మారుతుంది. అమెరికాలో ఒహాయో నది మీద లూయీవిల్ దగ్గర కెంటకీ, ఇండియానా రాష్ట్రాలు కలిసి రెండు కొత్త వంతెనలు కట్టి, 2016 డిసెంబరు చివర్లో ఆ రెండింటి మీదా, పక్కనున్న పాత కెనెడీ వంతెన మీదా టోల్ మొదలుపెట్టాయి. అక్కడే టోల్ లేని పాత వంతెనలు రెండున్నాయి. చాలామంది వాహనదారులు వాటి వైపు మళ్లారు. నది మొత్తానికి స్క్రీన్ లైన్ గీసి చూడకుండా కొత్త వంతెన ఒక్కదాన్నే చూసే అధ్యయనానికి ఈ మళ్లింపు కనిపించదు. ఒక వంతెన మీద విధించే రుసుము మిగతా అన్ని వంతెనల రద్దీనీ మారుస్తుంది, ఆ వంతెనల్లో కొన్ని పక్క నగరం చేతిలో ఉంటాయి. కలిసి లెక్క వేయాలనడానికి ఇంతకన్నా గట్టి కారణం నాకు తెలియదు.

ప్రశ్న: ఇరవై ఏళ్ల తర్వాత ఎన్ని వాహనాలు వస్తాయో ఇప్పుడే చెప్పే అంకెలను నమ్మవచ్చా?

జవాబు: ఒకే ఒక అంకె చెబితే నమ్మకండి. 14 దేశాల్లోని 210 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, రోడ్డు ప్రాజెక్టుల్లో సగం చోట్ల అసలు ట్రాఫిక్‌కూ అంచనాకూ మధ్య తేడా 20 శాతాన్ని మించి ఉన్నట్టు తేలింది.

రెండు వంతెనల కథలు ఇక్కడ గుర్తుచేస్తాను. ఇంగ్లండ్‌లో హంబర్ నది ముఖం మీద 1981లో తెరిచిన వంతెన, రెండు స్తంభాల నడుమ 1,410 మీటర్ల దూరంతో, పదిహేడేళ్లపాటు ప్రపంచంలో అంతకు మించినది లేకుండా నిలిచింది. కట్టాలన్న హామీ 1966లో హల్ నగరంలో జరిగిన ఒక ఉప ఎన్నిక వేళ వచ్చింది. అనుకున్నన్ని వాహనాలు రాలేదు, అప్పు వడ్డీతో పెరిగిపోయింది, చివరికి ప్రభుత్వం అప్పులో పెద్ద భాగం మాఫీ చేశాక 2012లో టోల్‌ను సగానికి తగ్గించారు. రెండోది డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌ను, స్వీడన్‌లోని మాల్మోను కలుపుతూ జలసంధి మీద 2000 జులైలో తెరిచిన ఓరెసుండ్ వంతెన. అక్కడ కూడా మొదటి ఏళ్లలో వాహనాలు అంచనాకు తక్కువే వచ్చాయి. కొన్నేళ్లు గడిచాక మాల్మో వైపు ఇళ్లు చవకగా దొరకడంతో అక్కడ నివాసముండి కోపెన్‌హాగన్‌లో ఉద్యోగం చేసేవారు పెరిగారు, వంతెన నిండసాగింది. వంతెన లేని రోజుల్లో రేవు దగ్గర నిలబడి ఎంత జాగ్రత్తగా లెక్కించినా ఈ ప్రయాణికులు దొరికేవారు కాదు, ఎందుకంటే అప్పటికి వారు ప్రయాణికులే కారు.

కాబట్టి మంచి అధ్యయనం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని కనీసం మూడు అంచనాలు ఇస్తుంది, ఏ ఊహ మారితే అంకె ఎంత మారుతుందో విప్పి చెబుతుంది. రెండు నగరాల ఇళ్ల ధరలూ, ఉద్యోగాలూ, భూవినియోగ ప్రణాళికలూ ఒకే చోట లేనిదే ఆ ఊహలు వేయడం కూడా కుదరదు.

ప్రశ్న: అధ్యయనం ఖర్చు ఎవరు ఎంత భరించాలి? పెద్ద నగరం ఎక్కువ ఇవ్వాలా?

జవాబు: నిర్మాణ ఖర్చు సంగతి వేరు, దాన్ని ప్రయోజనాన్ని బట్టి పంచుకోవచ్చు. అధ్యయనం ఖర్చు మాత్రం చెరి సగం ఉండాలన్నది నా అభిప్రాయం. ఎక్కువ ఇచ్చినవారు కన్సల్టెంటును తమవాడిగా భావిస్తారు, తక్కువ ఇచ్చినవారు నివేదికను పరాయిదిగా భావిస్తారు. చిన్న నగరానికి సగం భారమైతే పై ప్రభుత్వం ఆ లోటు పూడ్చాలి తప్ప, వాటా తగ్గించి మాట తగ్గించకూడదు. కన్సల్టెంటుతో ఒప్పందం రెండు సంస్థల ఉమ్మడి కమిటీ పేరున ఉండాలి. గణన కాగితాలు, మోడల్ ఫైళ్లు రెండు కార్యాలయాల్లోనూ ఉండాలి, లేకపోతే ఐదేళ్ల తర్వాత సరిచూసుకోవడానికి చేతిలో ఏమీ మిగలదు.

ప్రశ్న: నేను రోజూ నడిచి వంతెన దాటుతాను. సర్వే వాళ్లు కార్లనూ లారీలనూ లెక్కపెట్టారు గాని నన్ను చూడనైనా చూడలేదు. మాలాంటివారు లెక్కలోకి రారా?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను, ఎందుకంటే ఆ తప్పులో నాకూ భాగం ఉంది. లారీ అయినా సైకిలయినా ప్రతి వాహనాన్నీ కారుతో పోల్చి పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అనే ఒకే కొలతలోకి మార్చడం మా పద్ధతి. రోడ్డు మీద ఆక్రమించే చోటును కొలవడానికి అది సరిపోతుంది, మనుషులను కొలవడానికి సరిపోదు. నిండిన బస్సులో అరవై మంది ఉన్నా అది ఆ పట్టికలో మూడు కార్లకు కాస్త అటూఇటూగా కనిపిస్తుంది. కాలినడకన వెళ్లేవారు అసలు కనిపించరు.

ఒకసారి వంతెన మొదట్లో బస్సు ఆపి, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తున్నారో ప్రయాణికులను అడుగుతున్నాం. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకున్న ఒకామె, ఆవలి ఒడ్డున తల్లి దగ్గర బిడ్డను వదిలి, మళ్లీ ఇవతలికి వచ్చి పనికి వెళ్తానని, సాయంత్రం తిరిగి అదే వరస అని చెప్పింది. అంటే రోజుకు నాలుగుసార్లు నది దాటుతుంది. మా ఫారంలో 'ప్రయాణ కారణం' అన్న గడి ఒక్కటే ఉంది. మా సర్వే కుర్రాడు ఆమె మాట విని, కాసేపు తటపటాయించి, 'ఇతరములు' అని రాశాడు. వంతెన అవసరం ఎవరికన్నా ఎక్కువగా ఉన్న మనిషి మా పట్టికలో అలా ఇతరములలో కలిసిపోయింది.

ఉమ్మడి అధ్యయనానికి షరతులు రాసేటప్పుడే, వాహనాల గణనతో పాటు మనుషుల గణన కూడా ఉండాలని, నడిచేవారినీ సైకిళ్ల వారినీ రెండు కొసలా లెక్కించాలని, కుటుంబాల వద్దకు వెళ్లి రోజు మొత్తం ప్రయాణాలను వరసగా అడగాలని రాయించాలి. అభిప్రాయ సేకరణ సభ జరిగినప్పుడు మీరు వెళ్లి ఈ మాట అడగండి. నివేదిక వచ్చాక మొదట జోన్ల పటం తీసి, ఆవలి ఒడ్డు వీధులుగా ఉందో ఒకే చుక్కగా ఉందో చూడండి. తర్వాత ఏ వంతెనా కట్టకపోతే, ఉన్న వంతెన మీదే బస్సులకు ప్రత్యేక లేన్ ఇస్తే ఏమవుతుందో లెక్క వేసిన వరస ఉందో లేదో చూడండి. ఆఖరుగా గణన పట్టికలో రెండు ఒడ్డుల తేదీలు చూడండి. అవి ఒకే రోజువి కాకపోతే, కారణం అడుగుతూ రెండు నగరాల కమిషనర్లకూ ఒకే ఉత్తరం రాసి, ఆ ఉత్తరం ఇద్దరికీ వెళ్లిందని అందులోనే తెలియజేయండి.